ఫినాయిల్‌కి చావని పార్వో: కెన్నెల్లో అది ఎలా పాకుతుంది, ఎక్కడ ఆపొచ్చు

చాలా కుక్కల్ని ఒకచోట ఉంచే కెన్నెల్లో ఒక కుక్కపిల్ల పొద్దున అన్నం ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతులు, మర్నాటికి భరించలేని వాసనతో నెత్తురు విరేచనాలు. ఇక అక్కడ వరసగా మూడు పనులు జరుగుతాయి. ఎవరో ఫినాయిల్ డబ్బా తెచ్చి కెన్నెలంతా కడిగించేస్తారు. మిగతా పిల్లలన్నిటికీ ఆ పూటే వ్యాక్సిన్ వేయిస్తారు. జబ్బు పిల్లని వెనక గదిలో పెడతారు గానీ, పాపం ఎలా ఉందోనని రోజంతా ఎవరో ఒకరు వెళ్లి చూసి వస్తూనే ఉంటారు. ఇది పార్వో, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు. పై మూడిట్లో మొదటి పని ఆ వైరస్‌ని ఏమీ చేయదు. రెండోది చేయాల్సిందే గానీ, అప్పటికే వైరస్ ఒంట్లోకి చేరిన పిల్లలకి అది అందదు. మూడోది ఆ వైరస్‌ని మిగతా గదులన్నిటికీ మోసుకెళ్తుంది.

పార్వో గురించి మనం మాట్లాడుకునేదంతా చాలావరకు సెలైన్లు, ఇంజెక్షన్ల చుట్టూనే తిరుగుతుంది. ఒకే కుక్క ఉన్న ఇంట్లో అది సరిపోతుందేమో. ఇరవై ముప్పై కుక్కలు ఒకే కప్పు కింద ఉండే చోట మాత్రం దీన్ని ఆపేది మందు కాదు, పని జరిగే క్రమం. ఎవరు ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్లారు, ఏ చెప్పులతో వెళ్లారు, తుడిచిన బకెట్ ఏ గదిది... ఎన్ని పిల్లలు మిగులుతాయో చాలాసార్లు వీటితోనే తేలిపోతుంది.

కరోనా రోజుల్లో సబ్బు, శానిటైజర్ బాగా పనిచేశాయని అందరికీ తెలుసు. ఆ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరని చీల్చగానే వైరస్ పని అయిపోతుంది. పార్వోకి ఆ పొరే లేదు. లోపల చిన్న డీఎన్ఏ పోగు, పైన గట్టి ప్రోటీన్ గుల్ల, అంతే. మిల్లీమీటరులో నలభై వేలో వంతు సైజు. చీల్చడానికి కొవ్వు పొర లేదు కాబట్టి శానిటైజర్‌లోని ఆల్కహాల్‌ని గానీ, ఇంట్లో వాడే ఫినాయిల్‌ని గానీ, ఘాటు వాసన వచ్చే యాంటీసెప్టిక్ ద్రావణాల్ని గానీ అది లెక్కచేయదు. నీడగా, చల్లగా ఉన్న చోట నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికే ఉంటుంది. ఫినాయిల్ వాసన వస్తోంది కాబట్టి శుభ్రంగా ఉందనుకోవడం పార్వో విషయంలో అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం.

ఇది పాతకాలపు జబ్బు కూడా కాదు. కుక్కల్లో దీన్ని మొదట గుర్తించింది 1978లో. పిల్లుల్లో ఎప్పట్నుంచో ఉన్న పాన్‌ల్యూకోపీనియా వైరస్‌కి ఇది దగ్గరి బంధువు. అప్పటికి ప్రపంచంలో ఏ కుక్కకీ దీనిమీద నిరోధకశక్తి లేదు. రెండేళ్లు తిరిగేసరికి ఖండాలన్నీ చుట్టేసింది. మన దేశంలో 1980ల మొదట్లోనే మద్రాసులో కనబడింది. మొదట్లో కుక్కలకి విడిగా వ్యాక్సిన్ లేక పిల్లుల వ్యాక్సినే వాడారు. తర్వాత అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన లేలాండ్ కార్మైకేల్ బృందం కుక్కలకి వ్యాక్సిన్ తయారుచేసింది. అంత వేగంగా వైరస్ దేశాలు దాటిందంటే కుక్కలన్నీ ప్రయాణాలు చేశాయని కాదు. చెప్పుకి అంటిన మట్టితో, బట్టకి తగిలిన మరకతో కూడా వెళ్లగలదు. అన్నట్టు, ఇది మనుషులకి సోకదు. చంటిపిల్లలున్న ఇళ్లలో ఆ టెన్షన్ అక్కర్లేదు. మనుషులకొచ్చే పార్వో వైరస్ వేరే ఉంది, దానికీ కుక్కలకీ సంబంధం లేదు. మనం కేవలం మోసుకెళ్లేవాళ్లం.

ఎంత మోసుకెళ్తామో కాస్త లెక్క వేద్దాం. జబ్బు ముదిరిన పిల్ల ఒక్క గ్రాము మలంలో వంద కోట్ల దాకా వైరస్ కణాలు ఉండొచ్చు. ఎంతో జాగ్రత్తగా తుడిచి 99.9 శాతం తీసేశామనుకున్నా ఇంకా పది లక్షలు మిగిలి ఉంటాయి. పైగా ఈ పంపకం జబ్బు బయటపడకముందే మొదలవుతుంది. వైరస్ సోకిన మూడు నాలుగు రోజులకి మలంలో రావడం మొదలైతే, వాంతులు, విరేచనాలు కనబడేది సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల మధ్య. అంటే ఒకటి రెండు రోజులు చక్కగా ఆడుకుంటూ, తింటూ, తోక ఊపుతూ ఉన్న పిల్లే కెన్నెల్ నిండా వైరస్ పంచుతుంటుంది. జబ్బు తగ్గాక కూడా దాదాపు రెండు వారాల దాకా వదులుతూనే ఉంటుంది. జబ్బు కనబడ్డాక ఆ ఒక్కదాన్ని వేరుచేస్తే చాలదనేది అందుకే.

ఇప్పుడు ఒక మామూలు కెన్నెల్లో పొద్దుటి పని చూడండి. పనాయన గేటు దగ్గరి గదితో మొదలుపెడతాడు. చీపురుతో మలం ఎత్తి, ఒక బకెట్ నీళ్లలో ఫినాయిల్ కలిపి, మాప్ ముంచి తుడుస్తాడు. పక్క గదికి వెళ్తాడు. అదే చీపురు, అదే బకెట్. నాలుగో గది దాకా వచ్చేసరికి ఆ నీళ్లు తెల్లగా కాదు, మట్టిరంగులో ఉంటాయి. మొదటి గదిలో ఒక్క పిల్లకి పార్వో ఉంటే, ఆ మాప్ తగిలిన ప్రతి గదిలో నేలమీద సమానంగా పూసేసినట్టే. తుడిచేశాక గిన్నెలన్నీ ఒకే టబ్బులో వేసి కడుగుతాడు. అదే చేత్తో పిల్లల్ని ఎత్తుకుంటాడు. ఇందులో అతని తప్పేమీ లేదు. శుభ్రం చేయమన్నారు, చేశాడు. ఎలా చేయాలో ఎవరూ చెప్పలేదు. పైపు పెట్టి ఫోర్సుగా కొట్టడం ఇంకా హానికరం. మలం తుంపరలు అటూ ఇటూ గదుల్లోకి ఎగిరిపడతాయి.

పార్వోని చంపేది, మన దగ్గర చవగ్గా దొరికేది బ్లీచ్. అయిదు శాతం చొప్పున ఉండే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం లీటరు నీళ్లకి 30 మిల్లీలీటర్లు కలిపితే సరిపోతుంది. అంటే ఒక వంతుకి సుమారు 32 వంతుల నీళ్లు. ద్రావణం దొరకనిచోట బ్లీచింగ్ పౌడర్ వాడొచ్చు. దానిలో సుమారు 30 శాతం క్లోరిన్ ఉంటే లీటరుకి అయిదారు గ్రాములు చాలు. కాకపోతే తెరిచి పెట్టిన సంచిలో క్లోరిన్ ఎగిరిపోతుంటుంది, పాత పౌడర్‌ని నమ్మకూడదు. కలిపిన నీళ్లు కూడా ఏ రోజుకారోజు తాజాగా ఉండాలి. మున్సిపాలిటీ వాళ్లు కాలువ పక్కన గీత గీసినట్టు పొడిగా చల్లేస్తే చూడటానికి బాగుంటుంది, పని మాత్రం జరగదు.

అసలు కిటుకు బ్లీచ్‌లో కాదు, దానికి ముందు చేసే పనిలో ఉంది. నేలమీద మలం, జిడ్డు, మట్టి ఉంటే క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది, వైరస్ దాకా చేరదు. కాబట్టి ముందు మలం ఎత్తేయాలి, తర్వాత సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి, ఆ సబ్బు పోయేదాకా నీళ్లు కొట్టాలి, అప్పుడు బ్లీచ్ నీళ్లు పోసి పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచాలి. మన ఎండకి, మన ఫ్యాన్లకి పది నిమిషాల్లో నేల ఆరిపోతుంది, మళ్లీ తడపాల్సిందే. తర్వాత కడిగి పూర్తిగా ఆరనిచ్చాకే కుక్కని లోపలికి వదలాలి. ఇంత సేపూ కుక్కలు ఆ గదిలో ఉండకూడదు, తలుపులు తెరిచి ఉండాలి. టాయిలెట్లకి వాడే యాసిడ్‌ని బ్లీచ్‌తో పొరపాటున కూడా కలపొద్దు. విషవాయువు వస్తుంది. ఇది కుక్కలకంటే ముందు కడిగే మనిషికి ప్రమాదం.

బ్లీచ్ పనిచేయని చోట్లూ ఉన్నాయి. పగుళ్లిచ్చిన సిమెంటు గచ్చు, చెక్క బల్ల, గోనెపట్టా, మట్టి నేల, గడ్డి. పిల్లలకింద వేసిన గోనెపట్టాలు, పాత చీరలు ఉతికి మళ్లీ వాడదామనే ఆశ ఉంటుంది. పార్వో పిల్ల పడుకున్నవైతే పారేయడమే నయం. మట్టి పెరట్లో బ్లీచ్ చల్లి ప్రయోజనం లేదు. నేలని ఎత్తి శుభ్రం చేసి, బాగా ఎండ తగలనిచ్చి, చాలా నెలలపాటు వ్యాక్సిన్ పూర్తికాని పిల్లల్ని అటు పోనీయకపోవడం ఒక్కటే దారి. గేటు దగ్గర మందు నీళ్ల తొట్టె పెట్టి అందులో కాళ్లు ముంచి రమ్మనడం చాలాచోట్ల చూస్తాం. నా దృష్టిలో అది తృప్తికోసం చేసే పని. బూటుకి బురద ఉంటుంది, ముంచేది రెండు సెకన్లు, ఉదయం కలిపిన నీళ్లు మధ్యాహ్నానికి బురదనీళ్లు. ఆ డబ్బుతో ఐసొలేషన్ గదికి రెండు జతల గమ్‌బూట్లు కొని, అవి ఆ గడప దాటకుండా చూస్తే వంద రెట్లు మేలు.

ఇక అందరినీ తికమక పెట్టే విషయానికి వద్దాం. "వ్యాక్సిన్ వేయించాం కదా డాక్టర్ గారూ, రెండు డోసులు కూడా అయ్యాయి, మళ్లీ ఎలా వచ్చింది?" పార్వో పిల్లని ఎత్తుకొచ్చిన ప్రతి యజమానీ అడిగే ప్రశ్న ఇదే. వ్యాక్సిన్ కల్తీది అనేవాళ్లున్నారు, డాక్టర్‌ని అనుమానించేవాళ్లున్నారు. ఎక్కువసార్లు కారణం పిల్ల తాగిన ముర్రుపాలు.

పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలతో తల్లి నుంచి పిల్లకి యాంటీబాడీలు వస్తాయి. అవి పిల్లని కాపాడతాయి. కానీ వ్యాక్సిన్‌లో ఉండేది బలహీనపరిచిన పార్వో వైరసే కాబట్టి, తల్లి యాంటీబాడీలు దాన్ని కూడా శత్రువనుకుని పట్టేస్తాయి. పిల్ల ఒంట్లో వ్యాక్సిన్ పని మొదలుకాకముందే ఆగిపోతుంది. ఈ యాంటీబాడీలు దాదాపు పది రోజులకోసారి సగానికి తగ్గుతుంటాయి. ఉదాహరణకి ఒక పిల్లకి మొదట 1280 స్థాయిలో ఉన్నాయనుకుందాం. సుమారు 80 కిందికి దిగితే అసలు వైరస్ నుంచి రక్షణ పోతుంది. సుమారు 20కి దిగితే గానీ వ్యాక్సిన్ గట్టిగా పట్టదు. 1280 నుంచి 80కి రావడానికి నలభై రోజులు, 20కి రావడానికి అరవై రోజులు. మధ్యలో ఉన్న ఆ ఇరవై రోజులు పిల్లకి తల్లి రక్షణా లేదు, వ్యాక్సిన్ వేసినా పట్టదు. అదే తల్లికి యాంటీబాడీలు తక్కువై, పిల్లకి 160 మాత్రమే వస్తే ఈ ఇరవై రోజులు పది రోజుల వయసు నుంచే మొదలవుతాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో కూడా ఎవరెంత పాలు తాగారన్నదాన్నిబట్టి ఇది మారుతుంది. బయటినుంచి చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

అందుకే డోసులు మళ్లీ మళ్లీ వేసేది. రెండో డోసు మొదటిదానికి బలం ఇవ్వడానికి అనుకుంటాం. పిల్లల విషయంలో అసలు ఉద్దేశం వేరు: ఏదో ఒక డోసు సరైన రోజున పడాలని. పశువైద్యుల అంతర్జాతీయ సంఘం డబ్ల్యూఎస్‌ఏవీఏ సూచన ప్రకారం ఇంట్లో పెరిగే పిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ, చివరిది 16 వారాలు నిండాక పడాలి. మన దగ్గర చాలామంది పన్నెండు వారాలకి "కోర్సు అయిపోయింది" అనేసుకుంటారు. డోసుల సంఖ్య ముఖ్యం కాదు, చివరి డోసు నాటికి పిల్ల వయసు ముఖ్యం. షెల్టర్లలో, కిక్కిరిసిన కెన్నెల్లలో అయితే నాలుగు నుంచి ఆరు వారాలకే మొదలుపెట్టి, రెండు మూడు వారాలకోసారి 20 వారాల దాకా వేయమంటారు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన వ్యాక్సిన్‌ని మే నెల ఎండలో బైకు డిక్కీలో తీసుకెళ్తే మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు.

కెన్నెల్‌కి ఇందులోంచి తేలే మొదటి నియమం, వ్యాక్సిన్ గేటు దగ్గరే పడాలి. "ఈరోజు ఆదివారం, రేపు డాక్టర్ గారు వస్తారు" అనే ఒక్క రోజు చాలా ఖరీదైనది. తల్లి యాంటీబాడీలు అడ్డులేని కుక్కకి వ్యాక్సిన్ పడిన మూడు నుంచి అయిదు రోజుల్లోనే రక్షణ మొదలవుతుంది. అదే సమయంలో వైరస్ కూడా ఒంట్లో పెరుగుతుంటుంది. ఎవరు ముందు వెళ్తారన్నదే పందెం. రెండో నియమం, కొత్తగా వచ్చిన పిల్ల 14 రోజులు విడిగా ఉండాలి. ఈ 14 రోజులు ఎందుకంటే వైరస్ సోకాక జబ్బు బయటపడటానికి పట్టే అత్యధిక గడువు అది. ఒక బ్యాచ్ పిల్లలు క్వారంటైన్‌లో ఉండగా మధ్యలో ఇంకో పిల్లని తెచ్చి కలిపితే లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. జాగా లేదని అలా కలిపేయడమే చాలా కెన్నెల్ల కొంప ముంచేది.

రోజూ పని నడిచే దిక్కు మూడోది. ముందు వ్యాక్సిన్ పూర్తికాని ఆరోగ్యమైన పిల్లల గది, తర్వాత పెద్ద కుక్కలు, ఆ తర్వాత క్వారంటైన్, చిట్టచివర జబ్బు గది. వెనక్కి తిరగడం ఉండకూడదు. వీలైతే జబ్బు గదికి వేరే మనిషి. ఏ గది బకెట్, చీపురు, గిన్నెలు ఆ గదివే, రంగులు వేసి గుర్తుపెడితే చదువురాని వాళ్లు కూడా తప్పు చేయరు. ముద్దు చేయడానికి వచ్చే వాలంటీర్లు, ఫొటోలు దిగే దాతలు పిల్లల గదితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతే మంచిది. ఈ మాట చెప్పడం మొహమాటంగా ఉంటుంది, తెలుసు.

పార్వో తేలిపోయాక మిగతా పిల్లల సంగతి ఏమిటి? భయపడి వాటిని నాలుగిళ్లకి పంచేయడం, వేరే షెల్టర్‌కి తరలించడం చూస్తుంటాం. అది నాలుగు కొత్త చోట్ల వైరస్ నాటడమే. జబ్బు పిల్లతో కలిసి ఉన్నవాటిని కదపకుండా ఒక గుంపుగా 14 రోజులు ఉంచాలి, కొత్తవాటిని కలపకూడదు, ఎవరికి ఆకలి తగ్గినా, నీరసంగా కనబడినా వెంటనే మలం టెస్టు చేయించాలి. క్లినిక్‌లో పది నిమిషాల్లో తేలే కిట్లు ఉన్నాయి. నెగెటివ్ వచ్చినా లక్షణాలు పోకపోతే నమ్మకుండా మళ్లీ చేయించాలి. వ్యాక్సిన్ వేసిన వారంలోపు గీత మసగ్గా వస్తే అది వ్యాక్సిన్ వల్ల కూడా కావచ్చు. కోలుకున్న పిల్లని జబ్బు గదిలోంచి తెచ్చేముందు బాగా స్నానం చేయించాలి, వెంట్రుకలకి అంటుకున్న మలమే ఇంకో విడత మొదలుపెడుతుంది.

ఇదంతా పార్వో కథ. కుక్కలకి వచ్చే మరో వైరస్ జబ్బు డిస్టెంపర్‌కి దీన్ని అలాగే అన్వయిస్తే కుదరదు. డిస్టెంపర్ వైరస్‌కి కొవ్వు పొర ఉంది, ఎండకి, సబ్బుకి, చాలా మామూలు మందులకి త్వరగా పోతుంది. నేల గురించి అంత దిగులు పడక్కర్లేదు. అది వచ్చేది దగ్గు, తుమ్ము తుంపరల్లో. పక్కపక్క గదుల మధ్య ఇనుప ఊచలే ఉంటే ఎంత బ్లీచ్ పోసినా లాభం లేదు, గోడ కావాలి. పైగా డిస్టెంపర్ కుక్క వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి వైరస్ వదులుతుంది కాబట్టి 14 రోజుల లెక్క దానికి చాలదు. కుక్కల్లో ఉండే ఈ వైరస్ ఎంత దూరం పోగలదో 2018లో గుజరాత్‌లో చూశాం. గిర్ అడవిలో కొన్ని వారాల్లోనే 23 సింహాలు చనిపోయాయి, వాటిలో కొన్నిటిలో డిస్టెంపర్ వైరస్ దొరికింది. అందుకే కెన్నెల్లో ఏదైనా పిల్ల పడిపోతే "ఏదో వైరస్" అని ఊరుకోకుండా ఏ వైరసో తేల్చుకోవడానికి పెట్టే టెస్టు ఖర్చు దండగ కాదు.

వీధికుక్కల మీద దేశమంతా చర్చ నడుస్తున్న ఈ రోజుల్లో ఈ విషయం ఇంకా అవసరం. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కల్ని షెల్టర్లకి తరలించాలని ఆదేశించింది. ఆ ఆదేశం మంచిచెడ్డల జోలికి ఇక్కడ పోవడం లేదు. మన మున్సిపాలిటీలకి ఉన్నవి చాలావరకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి కొద్దిరోజుల్లో వదిలేయడానికి కట్టిన కేంద్రాలు. ఉన్నపళంగా వాటిలోనే ఎక్కువ కుక్కల్ని నెలల తరబడి ఉంచితే ఏమవుతుందో వైరస్‌కి బాగా తెలుసు. వీధిలో పెరిగిన పెద్ద కుక్కలు చాలావరకు పార్వోని ఎప్పుడో ఒకప్పుడు దాటి వచ్చినవే, వాటికి ఏమీ కాదు. వాటి పక్కన పెట్టిన రెండు నెలల పిల్లే పోతుంది. అక్కడ తప్పనిసరిగా వేసేది రేబిస్ వ్యాక్సిన్. పార్వో, డిస్టెంపర్ కలిసిన కాంబినేషన్ వ్యాక్సిన్‌ని కూడా షెల్టర్ బడ్జెట్‌లో మొదటి రోజే రాసుకోవాలి. పిల్లల కోసం విడిగా గది కట్టలేని షెల్టర్ పిల్లల్ని తీసుకోకపోవడమే వాటికి చేసే మేలని నేను అనుకుంటాను.

ఊరెళ్తూ కుక్కని బోర్డింగ్‌లో వదిలేవాళ్లు ఏసీ ఉందా, సీసీ కెమెరా ఉందా అని అడుగుతారు. నేల దేనితో కడుగుతారు, విరేచనాలు పట్టుకున్న కుక్కని ఏ గదిలో పెడతారు, వ్యాక్సిన్ కార్డు చూడకుండా ఎవరినైనా చేర్చుకుంటారా అనేవి అంతకంటే పనికొచ్చే ప్రశ్నలు. కార్డు అడగకుండానే "తీసుకురండి సార్, పర్లేదు" అనే చోటికి మీ పిల్లని పంపకండి. పిల్లని కొనేటప్పుడు కూడా అంతే. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతున్నాయి. అయినా ముప్పై అయిదు రోజుల పిల్లలు చేతులు మారుతూనే ఉన్నాయి.

పార్వోతో పిల్లని పోగొట్టుకున్న ఇంట్లో మళ్లీ ఎప్పుడు తెచ్చుకోవచ్చన్నది ఇంకో ప్రశ్న. నున్నటి టైల్స్ ఉన్న ఫ్లాట్ అయితే పైన చెప్పినట్టు కడిగి, గుడ్డలు, చెక్క సామాన్లు తీసేస్తే చాలావరకు బాగుచేయొచ్చు. మట్టి పెరడు ఉన్న ఇల్లయితే ఏడాది ఆగాలి. అంత ఆగలేనివాళ్లు 16 వారాలు దాటాక చివరి డోసు పడి, దాని మీద ఇంకో రెండు వారాలు గడిచిన కుక్కని తెచ్చుకోవచ్చు.